తలుపు మూసే ముందు

తొమ్మిదో భాగం

పోయిన వారం ఆమెను ఆసుపత్రి మెట్ల మీద వదిలి వచ్చాం. ఒంటి మీద ముడి ఊడిన ఆసుపత్రి గౌను, చంకలో తన బట్టల మూట, కాళ్లకు చెప్పులు లేవు. రొమ్ము క్యాన్సరుకు ఆపరేషను చేయించుకుంది. ఆ తర్వాత నెలల తరబడి నరానికి ఎక్కించిన మందులను పళ్లబిగువున భరించింది. ఊడిన జుట్టు మళ్లీ గోరంత మొలిచేదాకా నెట్టుకొచ్చింది. అలాంటి మనిషి తీరా కిరణాల చికిత్స మొదలయ్యే రోజున బల్ల మీది నుంచి లేచి వచ్చేసింది. ఏమైందమ్మా అని అడిగి ఉంటే చెప్పేదేమో. ఎవరూ అడగలేదు. "ఇలాగైతే ఎలాగమ్మా" అన్నారు అందరూ. దానికి జవాబేముంటుంది?

ఆమె పని డ్రైవింగ్ నేర్పడం. పంతొమ్మిదేళ్లుగా అదే పని. నేర్పే కారులో పక్క సీటు ముందు కూడా ఒక బ్రేకు ఉంటుంది, నేర్చుకునేవాళ్లు తడబడితే నేర్పేవాళ్లు తొక్కడానికి. ఆమె కాలు దాని మీది నుంచి కదలదని, ఎప్పుడో ఎవరో పెట్టిన పేరు బ్రేకమ్మ. మొదట్లో చాటుగా అనేవాళ్లు. ఇప్పుడు ఎదురుగానే పిలుస్తారు, ఆవిడా పలుకుతుంది. ఎంతటివాళ్లు వచ్చినా మొదటి రోజు వాళ్ల చేతికి తాళంచెవి ఇవ్వదు. ఏది నొక్కితే ఏమవుతుందో, ఏ చప్పుడుకు భయపడాలో, ఏ చప్పుడుకు భయపడనక్కర్లేదో కూర్చోబెట్టి చెప్పాకే బండి కదిలేది.

ఇంట్లో మూడు రోజులు ఆ మాట ఎవరూ ఎత్తలేదు. భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. రెండంతస్తుల మధ్య ఇరుక్కుపోయినవాళ్లను బయటికి తీయడం ఆయనకు వారంలో రెండుసార్లైనా ఉండే పని. సొంత భార్య దగ్గర మాత్రం ఏ తీగ ముట్టుకోవాలో తెలియక మూడు రోజులు తచ్చాడాడు. నాలుగో రోజు పొద్దున్న టీ గ్లాసు ఆమె ముందు పెట్టి, పెద్ద డాక్టరు గారు రమ్మన్నారనీ, ఏవో కాగితాల మీద సంతకం పెట్టాలటనీ చెప్పాడు. చెప్పి వెళ్లిపోతే సరిపోయేది. వెళ్లలేదు.

"పొరపాటైపోయింది అని ఒక్క మాట అను. మిగతాది నేను చూసుకుంటాను," అన్నాడు.

"పొరపాటు ఎవరిదో తేలనివ్వండి. నాదైతే చేతులు జోడించి మరీ అంటాను."

"మనకు కావలసింది వైద్యం. పంతం కాదు."

ఆమె గ్లాసు దించి ఆయన ముఖంలోకి చూసింది. ఈ ఆరు నెలల్లో ఆయన కూడా సగమయ్యాడు. చొక్కా మెడ చుట్టూ వదులుగా వేలాడుతోంది. జాలేసింది. అయినా మాట మెత్తబడలేదు.

"నాకు రెండూ కావాలి," అంది.

*

పెద్ద డాక్టరు గది చిన్నది. కిటికీ అద్దానికి ఎండ పడకుండా పాత కాగితాలు అతికించి ఉన్నాయి. బల్ల మీద ఫైళ్లు రెండు దొంతరలు, వాటి మధ్య ఒక మనిషి ముఖం పట్టేంత ఖాళీ. ఆ ఖాళీలోంచే ఆయన రోగులను చూస్తాడు. పదవీ విరమణ దగ్గరపడిన మనిషి. ఒక్క పాత మిషనుతో ఈ విభాగాన్ని మొదలుపెట్టింది ఆయనే. ఇప్పుడు రోజుకు అరవై మంది వస్తారు. ఆయన పక్కన ఆసుపత్రి పరిపాలనాధికారి కూర్చున్నాడు. అధికారి ముందు రెండు కాగితాలు, వాటి మీద అడ్డంగా ఒక పెన్ను.

అధికారి గొంతు సవరించుకుని విషయం చెప్పాడు. మొదటి కాగితంలో, చికిత్స వద్దని నా ఇష్టపూర్వకంగా నిరాకరిస్తున్నాను, తర్వాత ఏం జరిగినా ఆసుపత్రికి సంబంధం లేదు అని ఉంది. రెండో దానిలో, జరిగినదానికి విచారిస్తున్నాను, ఇకపై సిబ్బందికి సహకరిస్తాను అని ఉంది. ఏదో ఒక దాని మీద సంతకం పెడితే చాలన్నాడు. టీయా కాఫీయా అని అడిగినంత మామూలుగా అడిగాడు. భర్త చేయి అప్పటికే రెండో కాగితం వైపు వెళ్లింది.

బ్రేకమ్మ ఆ చేతిని పట్టుకుని ఆపింది. ముందు తన ఫైలు చూపించమంది. అది రోగులకు ఇచ్చేది కాదని అధికారి అన్నాడు. అందులో రాసినదంతా తన ఒంటి గురించే కదా అని ఆమె అంది. డాక్టరు ఒక్క క్షణం ఆలోచించి ఫైలు ఆమె వైపు తిప్పాడు.

చివరి పేజీలో, ఆ రోజు తేదీ కింద, మూడు వాక్యాలున్నాయి. రోగి సహకరించలేదు. భయం ఎక్కువ. కుటుంబ సభ్యులకు నచ్చజెప్పవలెను.

ఆమె వాటిని వేలు పెట్టి చదివింది.

"మధ్యలోది నిజమే. ముందుదీ చివరిదీ కొట్టెయ్యండి," అంది.

డాక్టరుకు కోపం రాలేదు గానీ ఓపిక తగ్గింది. ఆయన సూటిగానే చెప్పాడు. ఆపరేషను గడ్డను తీసేసింది. మందులు ఒళ్లంతా వెతికాయి. ఆ చోట కంటికి కనబడనిది ఏ కాస్తో మిగిలి ఉంటే దాన్ని ఆపేది ఈ కిరణాలే. ఆలస్యమయ్యేకొద్దీ ఆ కాపుదల తగ్గిపోతుంది. ఇదంతా ఆమెకు తెలుసు. తెలుసనే చెప్పింది. వైద్యం వద్దని తను ఎప్పుడూ అనలేదనీ, ఇక ముందూ అనదనీ, ఆ మొదటి కాగితం ఇప్పుడే చింపేయవచ్చనీ కూడా చెప్పింది.

"మరెందుకు లేచిపోయారు?" అని అడిగాడు డాక్టరు.

నాలుగు రోజుల్లో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆయనే. ఆమె చెప్పింది.

ఆ రోజు ఆమెను లోపలికి తీసుకువెళ్లింది ఇద్దరు మగ సహాయకులు. ఏటవాలు బల్ల మీద పడుకోమన్నారు, చేతులు రెండూ తలపైకి ఎత్తి కడ్డీలు పట్టుకోమన్నారు. ఆపరేషనైన ఎడమ వైపు భుజం ఇంకా బిగుసుకునే ఉంది. ఎత్తలేక ఎత్తింది. చెప్పకుండానే గౌను ముడి లాగారు. మచ్చ మీదా మచ్చ చుట్టూ పెన్నుతో గీతలు గీశారు. గీస్తున్నంతసేపూ వాళ్లిద్దరూ మాట్లాడుకున్నది సెలవుల గురించి. ఎవరు ఎప్పుడు తీసుకోవాలి, ఎవరి బదులు ఎవరు రావాలి అని. ఆ మాటలు ఆమె ఒంటి మీదుగా అటూ ఇటూ పోయాయి. తర్వాత దీపాలు తగ్గాయి, వాళ్లు వెళ్లిపోయారు, గోడంత మందం ఉన్న తలుపు మూసుకుంది. ఎంతసేపో చెప్పలేదు. ఏం జరుగుతుందో చెప్పలేదు. ఆమె తల మీదుగా ఏదో పెద్దది తిరగడం మొదలుపెట్టింది.

"నేను పిలిచాను. ఒక్కసారి కాదు. చలేస్తోంది, ఇది మొదలైందా, ఎవరైనా ఉన్నారా అని అడిగాను. తర్వాత అరిచాను. ఎవరూ పలకలేదు. పలికే మనిషి లేని గదిలో నేను పడుకోను డాక్టరు గారూ. అందుకే లేచాను."

భర్త తల దించుకున్నాడు. ఈ సంగతి ఆయనకూ ఇప్పుడే తెలిసింది.

డాక్టరు తల అడ్డంగా ఊపాడు. అలా జరిగే వీల్లేదన్నాడు. లోపలి మాట బయటికి వినిపించడానికి మైకు ఉంది. బయట టెక్నీషియను కెమెరాలో చూస్తూనే ఉంటుంది. పిలిస్తే మిషను ఆపి లోపలికి వస్తారు. బాగా భయపడినప్పుడు ఏది జరిగిందో ఏది జరగలేదో మనసుకు తెలియదని మెల్లగా, పసిపిల్లకు చెప్పినట్టు చెప్పబోయాడు. ఆ మెత్తదనానికే బ్రేకమ్మకు ఒళ్లు మండింది. ఆ టెక్నీషియనునే పిలిపించి అడగమంది.

టెక్నీషియను ముప్పై కూడా నిండని అమ్మాయి. పరుగున వచ్చినట్టుంది, తలుపు దగ్గరే నిలబడిపోయింది. ఆ రోజు ఈవిడ లోపల్నుంచి పిలిస్తే వినబడిందా అని డాక్టరు అడిగాడు. ఆ అమ్మాయి ఒకసారి అధికారి వైపు చూసింది. ఆయన పెన్ను చేతిలోకి తీసుకున్నాడు.

"వినబడలేదు సార్," అంది.

సగం చెప్పాక మిగతా సగం దాచి లాభం లేదనుకుందో ఏమో, తలుపు దగ్గరగా వేసి లోపలికి వచ్చి అంతా చెప్పింది. లోపలి మైకు పాడై ఐదు వారాలైంది. బయటి మాట లోపలికి వెళుతుంది, లోపలి మాట బయటికి రాదు. తను రెండుసార్లు రాసి ఆఫీసులో ఇచ్చింది. కిరణాలకూ దానికీ సంబంధం లేదు కదా, కెమెరా ఉంది కదా, దాని కోసం వరుస ఆపొద్దు అన్నారు. ఆవిడ లేచి కూర్చోవడం కెమెరాలో చూసి మిషను ఆపిందే తప్ప, అంతకు ముందు ఆవిడ ఎంతసేపు పిలిచిందో తనకు తెలియదు.

"చాలామంది పెదవులు కదిలేవి సార్. కెమెరాలో కనబడేది. మేము దేవుణ్ణి తలచుకుంటున్నారనుకున్నాం."

డాక్టరు కుర్చీ వెనక్కి జరిపి లేచాడు. లేచి ఏం చేయాలో తోచనట్టు మళ్లీ కూర్చున్నాడు. ఐదు వారాలు, రోజుకు అరవై మంది. ఇప్పుడు ఆయన పెదవులే చప్పుడు లేకుండా కదులుతున్నాయి. అధికారి మాత్రం రెండో కాగితాన్ని బోర్లా తిప్పి దాని మీద ఏదో రాసుకుంటున్నాడు. రాస్తూనే, ఇలాంటివి రోగుల ముందు మాట్లాడే విషయాలు కావని ఆ అమ్మాయికి గుర్తుచేశాడు.

"ఆ గదిలో పడుకునేది మేము. మా ముందు కాకపోతే ఇంకెవరి ముందు మాట్లాడతారండీ?" అంది బ్రేకమ్మ.

డాక్టరు ఫోను ఎత్తి, మైకు ఆ సాయంత్రానికల్లా పనిచేయాలని ఎవరికో చెప్పాడు. చెప్పి, రేపు వస్తారా అని ఆమెను అడిగాడు. వస్తానంది. ఊరికే రానని కూడా అంది. ఒక ఆడమనిషి గౌను విప్పేటప్పుడు గదిలో మరో ఆడమనిషి ఉండాలి, చేయి వేసే ముందు వేస్తున్నామని నోటితో చెప్పాలి. మొదటిసారి వెళ్లేవాళ్లకు ఆ గదిని దీపాలు వెలుగుతుండగా, తలుపు తెరిచి ఉండగా చూపించాలి. తన ఫైల్లో ఆ మొదటి వాక్యం ఉండకూడదు.

మొదటిది చేయగలమన్నాడు డాక్టరు. రెండోదానికి వ్యవధి ఎక్కడిదన్నాడు. పొద్దున్న ఎనిమిదికి మొదలైతే సాయంత్రం దాకా మిషను ఊపిరి తీసుకోదు.

"ఏడున్నరకు తలుపు తెరవండి. పావుగంట చాలు. నాకు తెలిసింది నేను చెబుతాను, తప్పు చెబితే ఈ అమ్మాయి దిద్దుతుంది."

"ఒక్క రోజు," అన్నాడాయన. ఫైలు సంగతి మాత్రం ఎత్తలేదు.

కాగితాలు రెండూ సంతకాలు లేకుండానే బల్ల మీద ఉండిపోయాయి.

*

బయట నడవాలో గోడకు బిగించిన ఇనుప బెంచీలున్నాయి. వాటి మీద ఎవరి చోటు వాళ్లదే అన్నట్టు రోజూ ఒకే వరుసలో కూర్చుంటారు ఆడవాళ్లు. చివర కూర్చునే ఆమెది హోటలు దుప్పట్లు ఇస్త్రీ చేసే పని. కిరణాలు మొదలై ఆమెకు మూడో వారం. బ్రేకమ్మ వెళ్లి పక్కన కూర్చుని మైకు సంగతి చెప్పింది. కెమెరాలో పెదవులు కదలడం చూసి వాళ్లేమనుకున్నారో కూడా చెప్పింది.

ఇస్త్రీ ఆమె కాసేపు తన అరచేతులు చూసుకుంది.

"భుజం పీకేస్తోంది, ఒక్క నిమిషం దించుకోనివ్వండి అని రోజూ మొత్తుకునేదాన్ని. వినీ ఊరుకుంటున్నారు, రాతి మనుషులు అనుకున్నా," అంది. తర్వాత పెదవి చివర నవ్వు వచ్చింది. "అంటే నేను తిట్టిన తిట్లన్నీ వాళ్లు ప్రార్థన కింద రాసుకున్నారన్నమాట."

ఇద్దరూ నవ్వారు. నవ్వు ఆగాక ఇస్త్రీ ఆమె రుమాలుతో ముఖమంతా గట్టిగా తుడుచుకుని, రేపు పొద్దున్న ఎన్నింటికి అని అడిగింది. పక్క బెంచీల్లో ఉన్న మరో ముగ్గురికి ఆ మాట ఆమే చేరవేసింది.

మర్నాడు ఏడున్నరకు నలుగురూ వచ్చారు. ఇస్త్రీ ఆమె కాక, ఆ రోజే మొదలు కాబోతున్న ఒక లైబ్రేరియను. కొలతలకూ పరీక్షలకూ వారం రోజులుగా వస్తూ, ఒళ్లో పుస్తకం తెరిచి పెట్టుకుని పేజీ తిప్పకుండా కూర్చునే మనిషి. మర్నాడు మొదలయ్యే ఒక నానమ్మ, తోడుగా ఆమె కోడలు. ఫోన్ల దుకాణంలో పనిచేసే అమ్మాయి అందరికంటే చిన్నది, ఇరవై ఎనిమిదేళ్లు. బ్రేకమ్మ భర్త ఆ బరువైన తలుపు చుట్టూ ఒకసారి తిరిగి, ఆగిపోతే లోపలివాళ్లు ఎలా బయటికి వస్తారని టెక్నీషియనును అడిగాడు. చేత్తో తెరిచే ఏర్పాటు ఉందని ఆమె చూపించాక గానీ ఆయన బెంచీ మీద కూర్చోలేదు.

దీపాలన్నీ వెలుగుతుంటే ఆ గది మామూలు గదిలాగే ఉంది. ఒక మూల అలమర, గోడకు ఒక కుర్చీ, నేల మీద చక్రాల గీతలు. బ్రేకమ్మ తన బట్టలతోనే బల్ల ఎక్కి పడుకుంది. చేతులు పైకి ఎత్తి, ఇదిగో ఇలా ఉంటుంది, నొప్పెడితే ముందే చెప్పండి, మోచేతి కింద మెత్త పెడతారు అంది. ఈ మిషను మన చుట్టూ తిరుగుతుంది, ఇంచుమించు ఆనుకునేంత దగ్గరికి వస్తుంది అంది. మూరెడు దూరంలో ఆగిపోతుందని టెక్నీషియను దిద్దింది. పనిచేస్తున్నప్పుడు కందిరీగ రొద లాంటి చప్పుడొస్తుంది, అది మామూలే. కిరణం ఒంటికి తగిలినట్టు తెలియదు. రెండు మూడు వారాలయ్యాక ఎండకు కమిలినట్టు చర్మం ఎర్రబడుతుంది, ఒళ్లు అలసిపోతుంది. దాచడమెందుకు, అదీ ఉంటుందని చెప్పారు.

నానమ్మ అడగాలా వద్దా అని చాలాసేపు తటపటాయించి అడిగింది. ఇది ఒంట్లోకి ఎక్కాక మనవరాలిని ఎత్తుకోవచ్చా? పాపను నెల రోజులు కోడలి పుట్టింటికి పంపేస్తామని ఇంట్లో అనుకుంటున్నారట. స్విచ్చి ఆపితే గదిలో వెలుగు మిగలదు కదా, ఇదీ అంతే, ఒంట్లో ఏమీ నిలవ ఉండదు, బయటికి రాగానే ఎత్తుకోవచ్చని టెక్నీషియను చెప్పింది. నానమ్మ వెంటనే తలుపు వైపు తిరిగింది.

"ఏమమ్మా కోడలా, ఇలా లోపలికి రా. ఈ అమ్మాయి నోటితోనే విను," అంది.

ఫోన్ల అమ్మాయికి భయమంతా కెమెరా గురించే. టెక్నీషియను ఆమెను బయటికి తీసుకెళ్లి తెర చూపించింది. అది తాము తప్ప ఇంకెవరూ చూడరనీ, అందులో ఏదీ రికార్డు కాదనీ చెప్పింది. రెండో వైపు గుడ్డ కప్పుకోవచ్చా అని ఆ అమ్మాయి గొంతు తగ్గించి అడిగింది. కప్పుకోవచ్చు, ఎప్పుడూ కప్పుకోవచ్చు అంది టెక్నీషియను. ఎవరూ అడగలేదు కాబట్టి మేమూ కప్పలేదు అని చెప్పేటప్పుడు ఆమె చూపు నేల మీదే ఉంది.

చివరికి మైకు. బాగుచేశారని చెబితే నమ్మేదెవరు? ఒక్కొక్కరే లోపల నిలబడతారు, తలుపు మూస్తారు, ఏదో ఒకటి మాట్లాడతారు, బయట అందరూ వింటారు అని బ్రేకమ్మ తేల్చేసింది. ముందు ఇస్త్రీ ఆమె వెళ్లింది. తలుపు మూసుకుంది. బయట చిన్న పెట్టెలోంచి ఆమె గొంతు గదమాయించినట్టు వచ్చింది.

"అమ్మాయ్, భుజం పీకేస్తోంది. ఒక్క నిమిషం ఆపు."

"ఆపుతున్నానక్కా. చేతులు దించుకోండి," అంది టెక్నీషియను మీట నొక్కి.

మిషను నడవడం లేదు, ఆమె బల్ల మీద కూడా లేదు. అయినా తెర మీద ఇస్త్రీ ఆమె, గది నడుమ నిలబడి, పైకెత్తిన చేతులు మెల్లగా దించుకోవడం అందరూ చూశారు.

లైబ్రేరియను వెళ్లనంటుందేమో అనుకున్నారు. వెళ్లింది. తలుపు మూశాక చాలాసేపు ఏమీ వినబడలేదు. మైకు మళ్లీ చెడిందేమోనని టెక్నీషియను ముందుకు వంగింది. అప్పుడు వచ్చింది మాట, చదివి వినిపిస్తున్నంత స్పష్టంగా.

"నాకు చాలా భయంగా ఉంది. ఈ మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదు."

వెనక, గోడకు ఆనుకుని, ఎప్పుడు వచ్చాడో పెద్ద డాక్టరు నిలబడి ఉన్నాడు. ఆయనే ముందుకు వచ్చి మీట నొక్కాడు. వినబడిందమ్మా అన్నాడు. ఇంకేదో చెప్పబోయి, మళ్లీ అదే మాట అన్నాడు.

లైబ్రేరియను బయటికి వచ్చింది. నానమ్మ కాస్త జరిగి బెంచీ మీద చోటిచ్చింది. డాక్టరు నిలబడే బ్రేకమ్మ ఫైలు తెప్పించుకున్నాడు. చివరి పేజీ తీసి, మొదటి వాక్యాన్నీ చివరి వాక్యాన్నీ కొట్టేశాడు. పక్కన ఏదో రాసి సంతకం చేసి, ఫైలు ఆమెకు చూపించి, వార్డు వైపు వెళ్లిపోయాడు. ఆయన రాసినది ఇది: రోగి పిలిచింది. మనకు వినబడలేదు.

*

ఆమె వంతు పదకొండింటికి వచ్చింది. అంతకు ముందు టెక్నీషియను ఆమెను నడవాలో కూర్చోబెట్టి ఊపిరి బిగబట్టడం నేర్పింది. ఎడమ వైపు కాబట్టి గుండె దగ్గరగా ఉంటుంది. గుండెల నిండా గాలి పీల్చి నిలిపితే ఛాతీ పైకి లేచి గుండెకు దూరం జరుగుతుంది, కిరణం నడిచేది ఆ కాస్త సేపే. ఇరవై దాకా నేను లెక్కపెడతాను, మీరు నా గొంతే వినండి అంది. నాలుగుసార్లు సాధన చేశారు. మూడోసారి బ్రేకమ్మకు దగ్గొచ్చింది. ఎప్పుడూ ఇతరులకు నేర్పే మనిషి, ఎవరో నేర్పితే తను తడబడటం బాగుందని చెప్పి నవ్వింది.

లోపల అంతా చెప్పినట్టే జరిగింది. ఇప్పుడు గౌను జరుపుతున్నానమ్మా అంది ఆ అమ్మాయి, జరిపింది. ఇప్పుడు నా చేయి చల్లగా తగులుతుంది అంది, తగిలింది. రెండో వైపు మడత పెట్టిన గుడ్డ కప్పింది. నేను తలుపు అవతలే ఉంటాను అని చెప్పి వెళ్లింది. దీపాలు తగ్గాయి. తలుపు మూసుకుంది. బ్రేకమ్మ గుండె దడదడలాడింది, కానీ ఇది కిందటిసారి దడ కాదు. ఏం రాబోతోందో ఆమెకు తెలుసు.

చాలాసేపటికి గానీ గొంతు రాలేదు. వచ్చింది వేరే గొంతు.

"అమ్మా, గుండెల నిండా గాలి పీల్చుకోండి," అన్నాడు ఎవరో మగమనిషి.

ఆమె పీల్చలేదు.

"ఆ అమ్మాయేది?"

గదిలోని స్పీకరు కాసేపు గరగరలాడింది. ఆమె మాట అవతలికి చేరినట్టే ఉంది, అతను మింగిన గుటక కూడా ఇటు వినబడింది.

"ఆవిణ్ని ఆఫీసుకి పిలిచారమ్మా."

"ఎందుకు?"

"కాగితం ఇచ్చారు. రేపట్నుంచి రావొద్దన్నారు. నేను రెండో మిషను దగ్గర చేసేవాణ్ణి. మీకు ఇబ్బందిగా ఉంటే ఆపేస్తాను. లేస్తారా?"

చేతులు పైకెత్తి, ఛాతీ తెరిచి, మచ్చ మీద గీతలతో పడుకుని ఉంది ఆమె. నిన్న బోర్లా తిప్పిన కాగితం మీద అధికారి ఏం రాసుకున్నాడో ఇప్పుడు అర్థమైంది. లేచి వెళ్లాలని కాళ్లు అంటున్నాయి. లేస్తే ఏమవుతుందో కూడా తెలుసు. రోగి మళ్లీ సహకరించలేదన్న వాక్యం ఎవరి పెన్నులోనో తయారుగా ఉంది. అంతకన్నా ముఖ్యం, ఇంకో రోజు పోతుంది. ఆ రోజు ఆమెది. ఆ అధికారికి ఇవ్వడానికి ఆమె దగ్గర రోజులు ఎక్కువ లేవు.

"లేవను నాయనా. ఇది నా వైద్యం, ఎవరి కోసం వదులుకోను. నువ్వు లెక్కపెట్టు, నేను కదలను. బయటికొచ్చాక కదులుతాను," అంది.

గాలి పీల్చింది. ఎడమ రొమ్ము ఉన్న చోటు మెల్లగా పైకి లేచి నిలిచింది. ఒకటి, రెండు అని ఆ కొత్త గొంతు మొదలుపెట్టింది. కందిరీగ రొద వచ్చింది.

ఆ లెక్క లోపల పన్నెండు దాటేసరికి, బయట టెక్నీషియను తన సంచీ భుజానికి వేసుకుని ఆఫీసు గది నుంచి వచ్చి బెంచీల ముందుగా నడిచింది. ఎవరి వైపూ చూడలేదు. రావొద్దన్న సంగతి మైకు దగ్గరి మాటల్లో అప్పటికే బెంచీల దాకా వచ్చింది. ఇస్త్రీ ఆమె లేచి ఆ సంచీని మెల్లగా లాగి తీసుకుని, లైబ్రేరియను చేతికిచ్చింది. లైబ్రేరియను సంచీనీ పుస్తకాన్నీ రెండింటినీ బ్రేకమ్మ భర్త ఒళ్లో పెట్టి లేచింది. నానమ్మ లేచింది. ఫోన్ల అమ్మాయి అప్పటికే నిలబడి ఉంది.

లోపల గొంతు పద్దెనిమిది, పంతొమ్మిది అంటుండగా, ఇస్త్రీ ఆమె తలుపు తట్టకుండానే పరిపాలనాధికారి గదిలోకి అడుగుపెట్టింది.